గజపతి జిల్లా నుంచి హంపికి

(ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువారి సమావేశంలో విశ్రాంత చరిత్ర అధ్యాపకులొకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. పెద్దలకు, నాతో పాటు పాఠాలు చెప్పిన మిత్రులకు, వెనక వరసలో కూర్చొని ఎప్పుడు ముగిస్తానా అని చూస్తున్న నా పాత విద్యార్థులకు కూడా నమస్కారం.

ముందుగా మీకు ఒక చిన్న పని చెబుతాను. మీ జేబుల్లో పది రూపాయల కొత్త నోటు ఒకటి, యాభై రూపాయల కొత్త నోటు ఒకటి ఉంటే బయటికి తీయండి. అమ్మా, మీరు సంచీ అంతా వెతకనక్కరలేదు, పక్కవారి చేతిలోది చూస్తే చాలు. పది నోటు వెనక వైపు ఏముంది? కోణార్క సూర్యదేవాలయం. యాభై నోటు వెనక వైపు? హంపిలోని రాతిరథం. కోణార్కను 13వ శతాబ్దంలో కట్టించినవాడు గంగవంశపు నరసింహదేవుడు. ఆ గంగవంశం వారి పాత రాజధాని కళింగనగరం మరెక్కడో లేదు, మనం శివరాత్రికి వెళ్ళి దర్శనం చేసుకొని వచ్చే శ్రీముఖలింగమే. గంగుల తరవాత కటకం, అంటే ఇప్పటి కటక్, సింహాసనం మీద కూర్చున్నవారు సూర్యవంశపు గజపతులు. ఆ గజపతుల మీదికి దండెత్తి వచ్చినవాడు విజయనగర రాజధాని హంపి నుంచి శ్రీకృష్ణదేవరాయలు. అంటే మీ చేతిలో ఉన్న ఆ రెండు నోట్ల మధ్య ఒక యుద్ధం ఉంది. మన చిరునామాలో ఏమని రాసుకుంటాం? గజపతి జిల్లా అని రాసుకుంటాం. ఆ పేరు మొన్నటి మహారాజుగారి పేరు మీద 1992లో పెట్టినదే అయినా, ఆ బిరుదు మాత్రం ఆనాటిది. మరి ఆ యుద్ధంలో మనం ఏ పక్షం? తెలుగువాళ్ళం కాబట్టి రాయల పక్షమా, ఈ నేల మీద పుట్టాం కాబట్టి గజపతి పక్షమా? జవాబు చెప్పమని అడగను. ఆ ప్రశ్నను సంచీలో వేసుకొని మేము పదకొండుమందిమి హంపి వెళ్ళి వచ్చాం అని మాత్రం చెబుతున్నాను.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. బరంపురంలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మారే పని లేకుండా హోసపేటలో దిగవచ్చు. ఒక రాత్రి, ఒక పగలు, మరికొంత. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర గుంతకల్లు రాకముందే అయిపోయింది. అంతే ప్రయాణం.

హంపిలో దిగిన మొదటి రోజు మేము ఒక గైడును మాట్లాడుకున్నాం. పేరు చెప్పను, ఆయన తప్పు కూడా పెద్దగా లేదు. ఆయన మమ్మల్ని ప్రతి చోటా నిలబెట్టి, ఇక్కడ ముత్యాలు రాశులు పోసి అమ్మేవారు, ఇక్కడ రాయలవారిని బంగారంతో తూచేవారు, ఈ స్తంభం కొడితే సప్తస్వరాలు పలుకుతాయి, ఆరు నెలల్లో తురకలు వచ్చి అంతా నేలమట్టం చేశారు, పదండి పదండి అని తరిమేవాడు. సాయంత్రానికి మాకు కాళ్ళు నొప్పులు మిగిలాయి, తలలో రత్నాలు మిగిలాయి, ఊరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. రాజధాని అంటే లక్షలమంది నీళ్ళు తాగిన చోటు కదా, తిన్న చోటు కదా, పిల్లలను పెంచిన చోటు కదా, అది ఎక్కడుంది? ఆ రాత్రి బసలో మాలో ఒకరు అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "మాస్టారూ, గిడుగువారి ఊరినుంచి వచ్చి గైడు మాట విని వెళ్ళిపోతామా?" అన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళో బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఏమి చేశారు? ముఖలింగం గుళ్ళలో ఉన్న శాసనాలను ఎవరూ చెప్పకుండానే కూడబలుక్కొని చదివి, ఆ పాత లిపులు తనంతట తాను నేర్చుకున్నారు. రాయి ముందు కూర్చోవడమే ఆయన పద్ధతి. మరునాటి నుంచి మేమూ గైడును మానుకొని రాళ్ళ ముందు కూర్చోవడం మొదలుపెట్టాం. తల పైకెత్తి గోపురాలు చూడడం తగ్గించి, తల దించుకొని పునాదులు చూశాం. నేను ఈ సాయంత్రం చెప్పదలచినదంతా ఆ తల దించుకొని చూసిన చూపు గురించే.

విజయగృహం

రాజప్రాసాదాల ఆవరణలో మహానవమి దిబ్బ అని ఒక పెద్ద రాతి వేదిక ఉంది. ఒకదాని మీద ఒకటిగా మూడు అంతస్తులు. దాని చుట్టూ వరసలు వరసలుగా చెక్కిన శిల్పాలు చూస్తే ఏనుగులు నడుస్తుంటాయి, గుర్రాలు నడిపించుకొని పరదేశి వర్తకులు వస్తుంటారు, వేటగాళ్ళు జింకలను తరుముతుంటారు, ఆడవాళ్ళు ఆటలాడుతుంటారు. రాయలవారి కాలంలోనే, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఈ నగరంలో ఉండి చూసినదంతా రాసి పెట్టాడు. అతడు ఈ ఆవరణలో ఒక కట్టడాన్ని విజయగృహం అంటారని రాశాడు. ఎందుకు ఆ పేరు? రాజు ఒరియా దేశపు యుద్ధం నుంచి తిరిగివచ్చినప్పుడు కట్టించాడు కాబట్టి ఆ పేరు అని కూడా అతడే రాశాడు. పండితులు ఆ విజయగృహం ఈ దిబ్బే అని గుర్తిస్తారు. కింది అంతస్తులు అంతకు ముందు రాజుల నాటివి, రాయలు దానిని పెంచి కొత్త రాళ్ళు తొడిగించాడు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. గజపతి జిల్లా వాళ్ళం పదకొండుమందిమి, గజపతిని ఓడించిన సంతోషంలో కట్టిన వేదిక మెట్లెక్కి పైన నిలబడ్డాం. పైన ఏముంది? ఏమీ లేదు. నేను అలంకారానికి అనడం లేదు, నిజంగానే ఏమీ లేదు. బల్లపరుపు రాతి నేల, స్తంభాలు నిలబెట్టిన జాడలు, గాలి. మాలో ఒకావిడ, బడి పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు, ఆ జాడలను అడుగులతో కొలుచుకుంటూ తిరిగి, ఇక్కడ స్తంభాల మండపం ఉండాలి, అయితే స్తంభాలు రాతివి కావు అన్నారు. ఆమె చెప్పింది నిజమే. పైన ఉన్నది కర్ర మండపం. పేస్ వచ్చినప్పుడు దానికి విలువైన వస్త్రాలు కట్టి ఉన్నాయి, నవరాత్రులు తొమ్మిది రోజులూ రాజు అక్కడ కూర్చొని కుస్తీలు, ఆటలు, ఏనుగుల ఊరేగింపు చూసేవాడు. 1565లో ఆ కర్ర అంతా కాలిపోయింది.

దిబ్బ దిగి చుట్టూ చూస్తే అప్పటికి మాకు అర్థమైంది. ఆ ఆవరణలో రాజభవనాలని చెప్పుకొనేవన్నీ అరుగులే. నడుము ఎత్తు అరుగు, దానికి రెండు మెట్లు, మెట్లకు ఇటూ అటూ చెక్కిన సింహాలో ఏనుగులో, ఆ పైన ఆకాశం. రాయలు ఉన్న ఇల్లు కూడా అంతే. ఎందుకిలా? దేవుడి ఇల్లు రాతితో కట్టారు, మనుషుల ఇల్లు, రాజుదైనా సరే, రాతి అరుగు మీద కర్రతో, ఇటుకతో, సున్నంతో కట్టారు. కాబట్టి రాజభవనాలు నిప్పుకు పోయాయి, మిగిలిన ఇళ్ళు మనుషులు విడిచిపెట్టాక పోయాయి. తవ్వకాల్లో ఈ అరుగుల మీద కాలిన బొగ్గు దొరికింది. మనం ఈనాడు హంపి వెళ్ళి గుళ్ళు చూసి వచ్చి, విజయనగరం అంతా గుళ్ళే అనుకుంటాం. కాదు, అది ఇళ్ళ ఊరు. మిగిలినవి గుళ్ళు.

ఆ ఆవరణలోనే నేను ఎక్కువసేపు కూర్చున్న చోటు ఒకటి ఉంది. భోజనశాల అంటారు. నీళ్ళు పారే సన్నటి రాతి కాలువ ఒకటి నేల మట్టంలో పోతుంటుంది, దానికి ఇరువైపులా వరసగా రాతి పలకలు పరిచి ఉంటాయి. పలక అంటే మామూలు పలక కాదు. ఆకుపచ్చ నలుపు కలిసిన నునుపు రాయిని అరిటాకులాగా, పళ్ళెంలాగా చెక్కారు. మధ్యలో అన్నానికి పెద్ద గుంట. చుట్టూ కూరకు, పప్పుకు, పులుసుకు చిన్న చిన్న గుంటలు. నేను వేలు పెట్టి చూశాను. ఒక పలకలో ఒక చిన్న గుంట అంచు మిగిలిన వాటికన్నా నున్నగా ఉంది. ఎవరి వేళ్ళ రాపిడో, శిల్పి చేతివాటమో, వానలో నానినందువల్లనో, నాకు ఆ గుంట మీద నుంచి చెయ్యి తీయాలనిపించలేదు. భోజనం అయ్యాక పక్కనే పారే నీళ్ళతో కడిగేసేవారు. మా బృందంలో ఒక పెద్దాయన, ఆయనకు భోజనం మీద గౌరవం ఎక్కువ, ఆ గుంటలన్నీ లెక్కపెట్టి, ఊరగాయకు చోటు కనబడలేదయ్యా అని నిజంగానే బాధపడ్డారు.

ఉదయగిరి కృష్ణుడు

ఇక మన ప్రశ్నకు వద్దాం. గజపతి ప్రతాపరుద్రుడి చేతిలో ఉన్న కోటల్లో బలమైనది నెల్లూరు వైపు ఉన్న ఉదయగిరి. 1513లో రాయలు దానిని ముట్టడించి, ఏడాది పైబడి చుట్టూ కాచి, చివరికి పట్టుకొన్నాడు. ఆ కోటలోని గుడి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తరలించి, దాని కోసం ఒక గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ సంగతి ఆ గుడిలోనే శాసనంలో ఉంది. ఆ తరవాత కొండవీడు పడిపోయింది, గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు, సేన సింహాచలం దాకా వచ్చింది, 1516 నాటి రాయల శాసనం సింహాచలం గుడిలో మనం చూసిందే, భీమిలి దగ్గర పొట్నూరులో జయస్తంభం వేశారు. చివరికి సంధి. గజపతి తన కూతురిని రాయలకిచ్చి పెళ్ళి చేశాడు, రాయలు కృష్ణకు ఉత్తరాన తీసుకొన్న సీమంతా తిరిగి ఇచ్చివేశాడు. అంటే ఏమిటి? ఇన్నేళ్ళ యుద్ధం తరవాత మన సీమ ఎవరిదై ఉండింది? గజపతిదే అయింది. ఈ మాట పాఠాల్లో చివర చిన్న అక్షరాల్లో వస్తుంది, పిల్లలు గుర్తుపెట్టుకోరు. గుర్తుపెట్టుకోండి.

ఆ కృష్ణాలయం తూర్పు గోపురం మీద సున్నపు బొమ్మల్లో యుద్ధం ఉంది. గుర్రాలు, ఏనుగులు, డాళ్ళు పట్టుకొన్న బంట్లు. మేము కింద నిలబడి వాళ్ళలో మనవాళ్ళెవరా అని వెతికాం. సగం బొమ్మల ముఖాలు వానకు కరిగిపోయాయి, ఏది రాయల సేనో ఏది గజపతి సేనో చెప్పడానికి ఆనవాలు లేదు. లోపలికి వెళ్ళాం. మండపాలు బాగున్నాయి, స్తంభాల మీద పనితనం చాలా బాగుంది. గర్భగుడి చీకటిగా ఉంది. చేతిలోని ఫోను దీపం వేసి చూస్తే అది ఖాళీ. గబ్బిలాల వాసన. ఉదయగిరి నుంచి తెచ్చిన ఆ బాలకృష్ణుడు, దెబ్బతిన్న విగ్రహం, ఇప్పుడు చెన్నైలో ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. ఓడినవారి గుడి నుంచి గెలిచినవారి గుడికి వచ్చి, అక్కడి నుంచి ఎవరికీ సంబంధంలేని గాజు అద్దాల ఊరికి వెళ్ళిపోయాడు. దండం పెట్టబోయి చేతులు దించేసుకున్న మా పెద్దాయన "మరి ఎవరికి పెట్టాలి?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

రాతిరథం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రాయలు కళింగ యుద్ధంలో కోణార్క చూసి, ఆ ముచ్చటతో విఠలాలయం ముందు ఈ రథం చెక్కించాడని గైడులందరూ చెబుతారు. మన ఒడిశావాళ్ళకు వినడానికి ఎంతో బాగుంటుంది, నేనూ వింటాను, కథగా వింటాను. అయితే రథం దగ్గరికి వెళ్ళి చూస్తే అంతకన్నా మంచి సంగతి ఉంది. ముందు రెండు ఏనుగులు లాగుతున్నట్టు కనబడతాయి. ఆ ఏనుగుల వెనక పరీక్షగా చూడండి, గుర్రాల వెనక కాళ్ళు, తోకలు కనబడతాయి. మొదట అక్కడ గుర్రాలుండేవి, అవి పోయాక ఎక్కడివో ఏనుగులను తెచ్చి అమర్చారు. రథం పైన ఇటుకతో కట్టిన శిఖరం కూడా ఉండేది, 1856లో తీసిన ఫొటోలో అది కనబడుతుంది, ఆ తరవాత తీసేశారు. కాబట్టి మీ జేబులో ఉన్న యాభై నోటు మీది రథం రాయలు చూసిన రథం కాదు. ఆయన చూసినదానికి గుర్రాలున్నాయి, శిఖరముంది. దయచేసి నోట్లు తిరిగి జేబుల్లో పెట్టుకోండి, ఇంకెవరివైనా పక్కవాళ్ళ చేతికి వెళ్ళిపోయి ఉంటే నన్ను అడగవద్దు.

ఊరు ఎలా ఖాళీ అయింది

ఇప్పుడు, 1565 జనవరి 23. కృష్ణానది దగ్గర రక్కసి, తంగడి గ్రామాల నడుమ యుద్ధం. బిజాపురం, అహమ్మదునగరం, గోలకొండ, బీదరు సుల్తానులు ఒకవైపు, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు ఒకవైపు. రామరాయలు పట్టుబడ్డాడు, తల తీశారు, సేన చెదిరిపోయింది. అతడి తమ్ముడు తిరుమలరాయలు ముందుగా నగరానికి వచ్చి, బొక్కసాన్ని ఏనుగుల మీదికి ఎక్కించి, పేరుకు రాజుగా ఉన్న సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు వెళ్ళిపోయాడు. ఊరిని కాపాడవలసినవాళ్ళే ముందు ఊరు విడిచారన్నమాట. ఈ నలుగురు సుల్తానుల్లో గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా ఉన్నాడు చూశారూ, మన తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడినవాడు, అతడు గద్దె ఎక్కకముందు అన్నకు భయపడి ఇదే విజయనగరానికి పారిపోయి వచ్చి రామరాయల అతిథిగా ఏడేళ్ళు ఉన్నాడు. ఆ వీధులన్నీ తెలిసినవాడు. అటు తెలుగు పద్యాలు విని ఆనందించినవాడు, ఇటు ఆ సేనలో ఒకడు. మతాల మధ్య యుద్ధమని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెడతారో నాకు తెలియదు.

నెలల తరబడి దోపిడి సాగింది. అయితే ఊరు దోపిడితోనే చచ్చిందా? ఇక్కడ మనం కాస్త నిదానించాలి. 1567లో, అంటే రెండేళ్ళ తరవాత, సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిసు వర్తకుడు ఈ ఊరికి వచ్చి నెలలపాటు ఉన్నాడు. అతడేమి రాశాడు? ఊరు పూర్తిగా నాశనం కాలేదు, ఇళ్ళు నిలిచే ఉన్నాయి, అయితే వాటిల్లో మనుషులు లేరు, పులులు, అడవి మృగాలు తిరుగుతున్నాయని చెబుతున్నారు అని రాశాడు. ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. తిరుమలరాయలు తిరిగి వచ్చి ఊరిని నిలబెట్టాలని ప్రయత్నించాడు కూడా. మరి ఎందుకు నిలబడలేదు?

దానికి కూడా ఫ్రెడరిక్ రాసిన ఒక సంగతిలోనే జవాబు ఉందని నాకు అనిపిస్తుంది. యుద్ధంలో గుర్రాలు పోయాయి. కొత్త రాజు తిరుమలరాయలకు గుర్రాలు కావాలి. గోవా వైపు వర్తకులకు కబురు పంపాడు. యుద్ధంలో పట్టుబడిన గుర్రాలు నా గుర్తుతో ఉన్నవి ఎవరు తెచ్చినా రెట్టింపు సొమ్ము ఇస్తాను, దారిలో రక్షణ ఇస్తాను అన్నాడు. వర్తకులు నమ్మి తోలుకొని వచ్చారు. గుర్రాలన్నీ చేతికి వచ్చాక పైసా ఇవ్వకుండా వర్తకులను పంపించేశాడు, వాళ్ళు దివాలా తీసి వెళ్ళారు. ఇప్పుడు మీలో వ్యాపారం చేసేవారున్నారు, బరంపురం బజారుకూ మన పక్కనున్న ఆంధ్ర విజయనగరం బజారుకూ మధ్య సరుకు తిప్పేవారున్నారు, మీరే చెప్పండి. అప్పు ఎగ్గొట్టిన ఊరికి మరుసటి సీజనులో ఎవరైనా లారీ పంపుతారా? రాయల విజయనగరం ఏ పంట మీద బతికిన ఊరు కాదు, ఆస్థానం మీద, బజారు మీద బతికిన ఊరు. ఆస్థానం పెనుకొండకు వెళ్ళింది, బజారుకు నమ్మకం పోయింది. ఇక పట్టు నేసేవాడు ఎవరి కోసం నేస్తాడు, పూలమ్మే ఆమె ఎవరికి అమ్ముతుంది? నిప్పు కన్నా ఆ రెండూ ఎక్కువ పని చేశాయని నా అభిప్రాయం. మరో సంగతి, మనవైపు కూడా అప్పుడే పడింది. 1568లో ముకుందదేవుడు చనిపోయాడు, ఒడిశా స్వతంత్ర రాజ్యం ముగిసింది. హంపి ఖాళీ అయిన మూడేళ్ళకు కటకం కూడా. గెలిచినవాడి ఊరికీ, ఓడినవాడి గద్దెకూ మధ్య మూడేళ్ళే తేడా.

పారుతున్న నీరు

అందరూ వెళ్ళిపోయారు అన్నాను. అబద్ధం. అందరూ వెళ్ళలేదు. రాజు వెళ్ళాడు, దండు వెళ్ళింది, వర్తకుడు వెళ్ళాడు. రైతు వెళ్ళలేదు, విరూపాక్షుడి పూజారి వెళ్ళలేదు. విరూపాక్షాలయంలో ఈనాటికీ పూజ నడుస్తోంది, అక్కడి వెనక వైపు ఒక చీకటి గదిలో గోడ మీద తూర్పు గోపురం నీడ తలకిందులుగా పడుతుంది, పిల్లలను తీసుకువెళ్ళినవారు అది తప్పకుండా చూపించండి.

ఇక రైతు. గుళ్ళున్న భాగానికీ రాజభవనాలున్న భాగానికీ మధ్య లోయ ఉంది. అందులో తుర్తు కాలువ పారుతుంది. తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట వేసి, రాళ్ళ గుట్టల మధ్య నుంచి, కొన్నిచోట్ల బండను తొలిచి తెచ్చిన కాలువ. రాయల వంశాల నాటిది. ఈ రోజుకీ పారుతోంది, దాని కిందే అరటి తోటలు, వరి మళ్ళు. నేను ఒక సాయంత్రం కృష్ణాలయం ఎదుట పాత బజారు దాటి ఆ తోటల్లోకి దిగాను. ఒక ముసలాయన తన మడిలోకి నీళ్ళు పెట్టుకుంటున్నాడు. గట్టు దగ్గర మడవ తెరిచి ఉంది. పారతో తీసిన తడి మట్టి ముద్ద, దాని మీద అరటి దవ్వ ముక్క అడ్డం పెట్టి, కాలితో తొక్కి, మడవ మూసేశాడు. రెండు నిమిషాల పని. నీరు పక్క బోదెలోకి మళ్ళింది. మన వంశధార కింద మదుము దగ్గర మన రైతు చేసేది సరిగ్గా ఇదే. ఆయన తెలుగే మాట్లాడాడు, కన్నడం కలిసిన తెలుగు, మనం ఒరియా కలిపి మాట్లాడినట్టు. ఈ కాలువ ఎవరు తవ్వించారు తాతా అని అడిగాను. "ఎవరో రాజులంట. వంతు మాత్రం మా పెద్దల నాటినుంచి మారలేదు" అన్నాడు. వంతు మారలేదట! రాజ్యాలు మారాయి, నైజాము, కంపెనీ, మద్రాసు, మైసూరు రాష్ట్రం అన్నీ వచ్చి వెళ్ళాయి. హంపి ఉన్న అప్పటి బళ్ళారి జిల్లా, మన గంజాము రెండూ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే, మనం 1936లో వేరై వచ్చాం, అది వేరే కథ. ఆ రైతు వంతు మాత్రం మారలేదు.

నీళ్ళ గురించి ఇంకా రెండు ముక్కలు. పేస్ తన కాలంలో రాయలు కట్టిస్తున్న పెద్ద చెరువు దగ్గర పదిహేను ఇరవై వేలమంది చీమల్లా పనిచేస్తూ కనిపించారని, వాళ్ళు నడిచే నేల కూడా కనబడలేదని రాశాడు. ముత్యాల బజారు గురించి చెప్పే గైడు ఈ చీమల గురించి ఎందుకు చెప్పడు? అలాగే రాజావరణలో మెట్ల కోనేరు ఉంది. 22 మీటర్ల చదరం, ఐదు అంతరువుల మెట్లు, నల్లని నునుపు రాయి. అది మట్టి కింద పూర్తిగా పూడిపోయి ఉండగా 1980ల్లో తవ్వితే బయటపడింది. ప్రతి రాతి మీదా గుర్తు చెక్కి ఉంది, ఏ దిక్కు, ఏ వరస, ఎన్నో రాయి అని. అంటే వేరేచోట చెక్కి, గుర్తులు వేసి, బళ్ళ మీద తెచ్చి, ఇక్కడ జత కలిపారు. నేను వంగి ఒక గుర్తును కూడబలుక్కొని చదివాను. రాజు గురించి ఒక్క ముక్క లేదు. ఈ రాయి ఇక్కడ పెట్టు అని మేస్త్రీ కూలివాడికి చెప్పిన మాట. నన్నడిగితే హంపిలో నేను చదివిన వాటిల్లో అన్నింటికన్నా స్పష్టమైన శాసనం అదే.

ఒక సంగతి చెప్పక తప్పదు. విరూపాక్షుడి ఎదుటి పాత బజారు మండపాల్లో తరతరాలుగా కాపురమున్నవాళ్ళను, దుకాణాలవాళ్ళను 2011లో ఖాళీ చేయించి, వాళ్ళు కట్టుకొన్నవన్నీ కూలగొట్టారు. కట్టడాలను కాపాడడం అవసరమే, కాదనను. అరుగుల మీద సిమెంటు గోడలు లేపడం నాకూ నచ్చదు. కానీ ఆ వీధిలో సాయంత్రం నడిచినప్పుడు దీపం లేదు, పొయ్యి పొగ లేదు. బజారుగా కట్టిన వీధిలో పల్లీలమ్మే మనిషి కూడా లేడు. పాడుపడిన ఊరంటే ఇలా ఉండాలి అని మనకొక బొమ్మ ఉంది, ఆ బొమ్మకు సరిపోయేలా మిగిలినవాళ్ళను కూడా పంపించేశామేమో అనిపించింది. దీని మీద మాలో మాకే రైల్లో గుంతకల్లు నుంచి విజయవాడ దాకా తగువు జరిగింది. తేలలేదు.

సమయం మించుతోందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. చివరిగా ఒక ప్రకటన ఉంది. వచ్చే నెల రెండో ఆదివారం మనం ముఖలింగం వెళుతున్నాం. గుడికి వెళ్ళని వాళ్ళు మీలో లేరని తెలుసు. అందుకే ముందుగా గుడికి తీసుకువెళ్ళను. పక్కన నగరికటకం అని ఒక పల్లె ఉంది కదా, ఆ పేరును ఎప్పుడైనా విడదీసి చూశారా? నగరి అంటే రాజధాని, కటకం అన్నా రాజధానే. రెండుసార్లు రాజధాని అని పిలిపించుకొంటున్న పల్లెలో ఇప్పుడు మళ్ళు, గట్లు, కొబ్బరి చెట్లు ఉన్నాయి. ముందుగా ఆ గట్ల మీద నడుద్దాం. బస్సు పొద్దున్న ఆరింటికి. చెప్పులు గట్టివి వేసుకోండి, మంచినీళ్ళు తెచ్చుకోండి. ఊరగాయ పెద్దాయన తెస్తానన్నారు.